పైడిరేవు నీరుగట్టి

పైడిరేవు,
20-11-1946

చిరంజీవి ఏకాంబరానికి,

అక్క నాగులమ్మ దీవెనలు. ఇది ఇంట్లో కూర్చుని రాస్తున్న జాబు కాదు. ఏటి ఒడ్డున నాయన వేసిన గుడిసెలో, రాగుల మూటకు ఆనుకుని, చేట బోర్లించి దాని మీద కాయితం పెట్టుకుని రాస్తున్నాను. అక్షరాలు వంకరగా ఉంటే నవ్వకు. మిషను బడిలో నాలుగో తరగతి దాకా నేర్చిన చేతిరాత ఇది, ఇంతకన్నా తిన్నగా పోదు.

ఈ ఏడు స్వర్ణముఖి బాగా పొంగింది. మూడు రోజులు అవతలి గట్టు కనబడలేదు. ఇప్పుడు ఏరు తగ్గి, మోకాటి లోతున ఒక పక్కగా పారుతోంది. ఏటి ఇసుకలోని ఊటను పొలాలకు తెచ్చే మన ఊటకాలువ మాత్రం ఉన్న చోటు తెలియకుండా ఇసుకతో పూడిపోయింది. నాయన పోయాక వచ్చిన మొదటి వరద ఇది. ఏటా ఈ రోజులకు ఆయన ఇసుకలో నడిచి, ఊట ఎక్కడుందో కనిపెట్టి, కాలువ గీత గీసి, నీరుగట్టిగా పొలాలకు వంతు నీళ్ళు పంచేవాడు. ఈసారి ఎవరు గీస్తారని ఊరంతా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

పెద్దలు కూర్చున్నారు. గోవిందయ్య నాయుడు తీర్పు చెప్పాడు. "నీరుగట్టి పని ఏకాంబరానిది. వాడు ఆ హోస్పేట కట్ట కాడ ఉండాడు. వాడొచ్చేదాకా నాగులమ్మ సూసుకోనీ. శివరాత్రి పోయినాక మళ్ళా కూసుని మాట్లాడుకుందాం" అన్నాడు. మన చిన్నాయన కొడుకు మునస్వామికి అది నచ్చలేదు. "ఇసకలో ఊట యాడుండాదో కనిపెట్టేదానికి ఆమేమన్నా కొంగా?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వక ఏం చేస్తాను?

వాడికి తెలియనిది ఒకటుంది. నా మొగుడు పోయి నేను పుట్టింటికి వచ్చిన దగ్గర్నుంచి పదేళ్ళు నాయన వెనకే తిరిగాను. చలి పొద్దున ఉత్త కాళ్ళతో నడిస్తే ఇసుక జిల్లుమంటుంది. ఏ చోట పాదానికి గోరువెచ్చగా తగులుతుందో ఆ చోట కింద ఊట ఉన్నట్టు. నేను నాలుగు రోజులుగా నడుస్తున్నాను. రెండు చోట్ల దొరికింది.

నీ పని నేను కాపాడతాను. దిగులు పెట్టుకోకు. వేళకు తిను.

నీ అక్క,
నాగులమ్మ


హోస్పేట, కట్ట క్యాంపు,
28-11-1946

అక్కకు ఏకాంబరం నమస్కారాలు.

నీ జాబు అందింది. చదివి రెండు పూటలు అన్నం సయించలేదు. ఆ చలిలో, ఆ ఏటి గడ్డ మీద నువ్వొక్కదానివి! నాయన ఉంటే ఒప్పుకునేవాడా?

నా సంగతి విను. నన్ను మేస్త్రీని చేశారు. నా కింద నలభై మంది. తెలుగువాళ్ళు, కన్నడంవాళ్ళు, అరవంవాళ్ళు, అందరూ నా కేకకే లేచి నా కేకకే దిగుతారు. ఇక్కడి తుంగభద్ర ముందు మన ఏరు పిల్లకాలువ అనుకో. ఈ కొండ నుంచి ఆ కొండ దాకా కట్ట లేస్తుందట. వెనక నిలిచే నీళ్ళకు అవతలి ఒడ్డు కనబడదని ఇంజనీరు చెప్పాడు. కరువు సీమలో మూడు జిల్లాలకు తిండి పెట్టే కట్ట ఇది. దానికి మట్టి పోసిన చేతుల్లో నీ తమ్ముడి చేతులు కూడా ఉన్నాయని గుర్తుంచుకో. నీ ఊటకాలువ ఇసుకంతా మా వాళ్ళు ఒక్క పూటలో తట్టలకెత్తి పారేస్తారు, తెలుసా?

ఇంకొకటి. పాత మిలిటరీ బూట్లు సంతలో కొన్నాను. కాలికి కొంచెం పెద్దవే, గుడ్డలు కుక్కి వేసుకుంటున్నాను. వేసుకుని నడుస్తుంటే కూలివాళ్ళు దారి ఇస్తున్నారు.

ఒక మాట మాత్రం గట్టిగా రాస్తున్నాను. నాయన పోయే రోజు తన పార నా చేతిలో పెట్టాడు. అది ఊరంతా చూసింది. నేను ఎక్కడున్నా పైడిరేవు నీరుగట్టిని నేనే. మునస్వామిని నీ దరిదాపులకు రానివ్వద్దు. వాడి కన్ను ఆ పార మీద ఎప్పటి నుంచో ఉంది.

నీ తమ్ముడు,
మేస్త్రీ ఏకాంబరం


పైడిరేవు,
3-12-1946 (కార్డు)

చిరంజీవి ఏకాంబరానికి దీవెనలు. ఇక్కడ అందరూ క్షేమం. నీ పాత తలగుడ్డ ఈ నెల పదమూడో తేదీ శుక్రవారం లోపల చేరేలా పంపించు. తప్పకుండా పంపించు. కారణం కార్డు మీద రాయను, ఇది నీకు చేరేలోపల పది మంది చదువుతారు. మునస్వామి మంచి సాయంగా ఉన్నాడు, రోజూ వచ్చి కంప కొట్టి ఇస్తున్నాడు. మేస్త్రీవి అయినందుకు చాలా సంతోషం. చోటు అయిపోయింది.
నాగులమ్మ


హోస్పేట,
9-12-1946

అక్కకు,

నీ కార్డు చూశాను. అది చేరిన రోజే మన ఊరి శ్రీనివాసులు కూడా పని వెతుక్కుంటూ ఇక్కడికి వచ్చాడు. ఊరి కబుర్లన్నీ చెప్పాడు. నువ్వు కార్డు మీద రాయలేని కారణం నాకు వాడి నోట తెలిసింది.

ఆ తలగుడ్డ ఎవరి తలకు చుట్టాలని అడుగుతున్నావో నాకు తెలియదనుకున్నావా? అది నాయన నాకు కట్టింది. నేను బతికి ఉండగా ఇంకొకరి తల మీద పెట్టడానికి పంపను. నా మాట నీకు ఇంత చులకన అయిపోతుందని అనుకోలేదు.

చలికి జాగ్రత్త.

ఏకాంబరం


పైడిరేవు,
15-12-1946

ఏకాంబరానికి అక్క రాయునది,

నీ జాబు సరిగ్గా శుక్రవారం పొద్దునే చేరింది. పోస్టు మనిషి పొంగలి తినడానికి ఏటికి వస్తూ తెచ్చి చేతికిచ్చాడు. తలగుడ్డ వచ్చిందేమో అని ఆశగా విప్పాను. వచ్చింది నీ కోపం.

కాలువకు మొదటి పార వేసేటప్పుడు నీరుగట్టి తలకు తలగుడ్డ ఉండాలి, అది మన ఊరి కట్టు. ఆ గుడ్డ లేకుండా పార నేలకు తగలకూడదు. నీ బదులు నేను వేస్తున్నాను కనుక నీ తలగుడ్డ చుట్టుకుని వేద్దామనుకున్నాను. ముందుగా నలుగురికీ తెలిస్తే వద్దంటారని కార్డులో రాయలేదు. నీకు మాత్రం తెలిసిపోయింది, ఎలా పసిగట్టాడో ఆ శ్రీనివాసులు పుణ్యమా అని. తెలిసి నువ్వన్న మాట అది! ఆడదాని తల తగిలితే నీ గుడ్డ మైలపడిపోతుందా?

జరిగింది విను. ఇసుకలో గంగమ్మకు పొంగలి పెట్టాము. ఊరంతా పారలూ తట్టలూ తెచ్చుకుని నిలబడింది. మంచు ఇంకా విడవలేదు, తిరుమల కొండ కనబడటం లేదు. నేను పార తీసుకుని ముందుకు రాగానే మునస్వామి అందుకున్నాడు. "తలగుడ్డ యాడ మే? లేకుండా కొడితే ఊరికి అరిష్టం" అన్నాడు. అందరూ గోవిందయ్య వైపు చూశారు. చేతిలో నీ జాబు ఉంది. కళ్ళలో నీళ్ళు ఉన్నాయి. నాకు ఏం తోచిందో ఏమో, కొంగు తీసి తలకు రెండు చుట్లు చుట్టి బిగించాను.

"తలగుడ్డ లేకపోతే ఏమి, కొంగు ఉండాది గదా!" అన్నాను.

గోవిందయ్య నాయుడు గంగమ్మ పొంగలి వైపు చూశాడు. తర్వాత, "గంగమ్మ మాత్రం మొగదా ఏందబ్బా? కొట్టు మే, నాగులమ్మా" అన్నాడు.

కొట్టాను. పాదానికి వెచ్చగా తగిలిన చోటే కొట్టాను. మోకాటి లోతు తవ్వగానే ఇసుక నల్లబడింది. ఇంకొక జానెడు దిగగానే నీళ్ళు బుడబుడ లేచాయి. ఆ చలి పొద్దున ఊట మీద ఆవిరి లేచింది. ఆడవాళ్ళు కేకలు పెట్టారు. తమ్ముడా, నాకు అంత గర్వం పుట్టి బుద్ధెరిగిన తర్వాత ఎప్పుడూ కలగలేదు. నాయన లేడే అని ఏడ్చాను, నవ్వాను కూడా. మునస్వామే ముందుగా తట్ట ఎత్తాడు. వాడికి నోరు ఉంది కాని చేతులు మంచివి.

నీ తలగుడ్డ నాకు అక్కర లేదు. పెట్టెలో పెట్టి తాళం వేసుకో. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అని నీ బూట్ల గురించి రాద్దామనుకున్నాను, ఊరుకున్నాను.

నాగులమ్మ


హోస్పేట,
23-12-1946

అక్కా, అక్కా, అక్కా,

ముందు నన్ను తిట్టు. తిట్టి, ఆ తర్వాత మిగతాది చదువు.

నేను బుద్ధిలేనివాణ్ణి. మన ఊళ్ళో ఒకడు తాతల నాటి పని వదులుకుంటే ఏం చేస్తాడు? పెద్దల ముందు తలగుడ్డ దించి పెడతాడు. దాన్ని ఎత్తి తలకు చుట్టుకున్నవాడికి ఆ పని పోతుంది. నీ కార్డులో తలగుడ్డ పంపు అని ఒక వాక్యం, మునస్వామి మంచి సాయంగా ఉన్నాడు అని ఇంకొక వాక్యం. పైగా శ్రీనివాసులు "మునస్వామి పొద్దస్తమానం నాగులమ్మ గుడిసె కాడే ఉండాడబ్బా" అన్నాడు. నేను ఆ మూడూ కలిపి ముడి వేశాను. నా పని వాడికి రాసిచ్చేస్తున్నావనుకున్నాను. నీ తల మీద అనే ఆలోచనే నాకు రాలేదు. వచ్చి ఉంటే నేనే మోసుకొచ్చి కట్టి ఉండేవాణ్ణి.

నీ జాబు మా గుంపులో ఉన్న తెలుగువాళ్ళందరికీ చదివి వినిపించాను. కొంగు చుట్టుకున్న చోట అందరూ ఈలలు వేశారు. ఇక్కడ నాకు పేరు మారిపోయింది. మేస్త్రీ అనడం మానేసి "కొంగు నాగులమ్మ తమ్ముడు" అంటున్నారు. నాకు కోపం రాలేదు, ఒట్టు.

తలగుడ్డ ఈ రోజే పార్సెల్ చేశాను. పనికి వచ్చే రోజు దాటిపోయింది, అయినా నీ దగ్గరే ఉండనీ.

నువ్వు పడిన కష్టం చాలు, అక్కా. ఇంజనీరును అడిగాను. ఉగాది లోపల సెలవు ఇస్తానన్నాడు. ఈ పని మానుకుని వచ్చేస్తాను, పార నేను అందుకుంటాను. నువ్వు ఆ గుడిసె వదిలి ఇంట్లో వెచ్చగా కూర్చో. ఈ ఒక్క చలికాలం ఓర్చుకో.

నీ తమ్ముడు,
ఏకాంబరం


పైడిరేవు,
12-1-1947

చిరంజీవి ఏకాంబరానికి అక్క దీవెనలు.

తలగుడ్డ చేరింది. మెత్తగా, బాగుంది. చుట్టకుదురు చేసి కడవ కింద పెట్టుకుంటున్నాను, తలకు నొప్పి లేదు. నీ గౌరవానికి ఇది చాలు. నీ మీద కోపం ఆ చుట్టకుదురుతోనే పోయింది.

కాలువ ఇప్పుడు నాలుగు వందల బారలు పారుతోంది. రెండు పక్కలా రెల్లు కంపతో దడి కట్టాము, ఇసుక జారకుండా. నా రోజు ఎలా గడుస్తుందో రాస్తాను. పొద్దున లేచి గుడిసె తడిక తీస్తే ఎదురుగా మంచు తప్ప ఏమీ ఉండదు. నీళ్ళ చప్పుడును బట్టి కాలువ ఎక్కడ పూడిందో తెలిసిపోతుంది. వెళ్ళి ఎత్తి వస్తాను. సంగటి కెలుకుతాను. గుంటలో పరిగె చేపలు దొరికితే పులుసు, లేకపోతే చెనక్కాయల ఊరుబిండి. ఎండ పడ్డాక మడవలు తిప్పడానికి పొలాల మీద పోతాను. మధ్యాహ్నం కొంగలూ నేనూ తప్ప ఏట్లో ఎవ్వరూ ఉండరు. ఎవరూ పలకరించకపోయినా ఒంటరిగా అనిపించదు. నీళ్ళు ఉన్నాయి కదా.

ఒక గొడవ జరిగింది. వంతు నీళ్ళకు మనం నీడ కొలిచి వేళ కడతాము కదా. నీడ పన్నెండు అడుగులు ఉన్నప్పుడు మడవ తీస్తే ఏడు అడుగులకు తగ్గినప్పుడు మూయాలి. మునస్వామి కొత్త పేచీ తెచ్చాడు. "ఆడదాని అడుగు సిన్నది. ఆమె ఏడడుగులు మనకు అయిదే. మన నీళ్ళు తరిగిపోతా ఉండాయి" అని ఊరంతా చెప్పాడు. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు.

నేను గోవిందయ్యను పొలం మీదికి పిలిపించాను. ఆయన తాటిచెట్టంత మనిషి. కాలువ చివర పొలం అక్కమ్మ ఉంది చూడు, ఆమె నా భుజం దాకా కూడా రాదు. ముగ్గురం వరసగా నిలబడ్డాము. తల నీడ పడిన చోట తలా ఒక రాయి పెట్టుకున్నాము. ఎవరి నీడను వాళ్ళ అడుగుతో కొలుచుకున్నాము. నాకు ఎనిమిది. అక్కమ్మకు ఎనిమిది. గోవిందయ్యకు ఎనిమిది మీద ఒక బొటనవేలు. "అడుగు సిన్నదైతే నీడా సిన్నదే గదబ్బా!" అని నాయుడు మునస్వామి వీపు మీద ఒకటి చరిచాడు. ఇది నాయన నాకు చెప్పిన లెక్కే. కాని అందరి ముందు నిలబడి నిరూపించాను చూడు, అది నాది.

ఇప్పుడు అసలు మాట. మూడు సార్లు రాసి చించేశాను. నువ్వు వచ్చి పార అందుకుంటాను, నువ్వు వెచ్చగా కూర్చో అన్నావు. ప్రేమతోనే అన్నావని తెలుసు. కాని నేను ఓర్చుకోవడం లేదు, తమ్ముడా. ఈ చలికాలం నా బతుకులో అన్నిటికన్నా మంచి కాలం. మొదట నీ కోసం కాపాడుతున్నాననే అనుకున్నాను. ఇప్పుడు అలా రాస్తే అబద్ధం అవుతుంది. నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు. ఈ పని నాకు కావాలి. నీ బదులు కాదు, నాకే.

నీ అక్క,
నాగులమ్మ


హోస్పేట,
24-1-1947

అక్కకు నమస్కారం.

జాబు అందింది.

నువ్వు బాగా చేస్తున్నావు, కాదనను. కాని నాయన పార పెట్టింది నా చేతిలో. కొడుకునని పెట్టాడు. ఇక్కడ ఎంత మందికి మేస్త్రీనైనా, పని అయిపోతే నన్ను పొమ్మంటారు. నాకంటూ ఒక ఊరు, నాదంటూ ఒక పని ఉన్నాయన్న ధైర్యంతోనే ఈ మట్టిలో పడుకుంటున్నాను. అది కూడా ఇచ్చెయ్యమంటే నేనెవరిని?

నీ మీద కోపం లేదు. నన్ను కొన్నాళ్ళు ఆలోచించుకోనీ.

ఏకాంబరం


పైడిరేవు,
21-2-1947

చిరంజీవి ఏకాంబరానికి,

నీ దగ్గర నుంచి మళ్ళీ జాబు లేదు. నెల దాటింది. నువ్వు ఆలోచించుకుంటున్నావని ఊరుకున్నాను. ఇప్పుడు ఇక్కడి సంగతి నీకు తెలియాలి కనుక రాస్తున్నాను.

శివరాత్రి మరునాడు గోవిందయ్య పంచలో పెద్దలు కూర్చున్నారు. నన్ను పిలిచారు. అక్కమ్మ పిలవకుండానే వచ్చింది. కాలువ చివరనున్న ఆమె కయ్య, ఆ చిన్న మడి, పదేళ్ళుగా కాలువ నీరు చూడలేదు. ఈసారి పుష్యమాసంలోనే చివరి మడవ దాకా నీళ్ళు తీసుకుపోయాను. ఆమె పంచ మధ్యలో నిలబడి, "నా కయ్యలో వరి నిలబడి ఉండాది. వచ్చి సూసి మాట్లాడండి. సూడకుండా ఎవురూ మాట్లాడొద్దు" అంది. పెద్దలందరూ నిజంగానే లేచి వెళ్ళి చూసి వచ్చారు.

వచ్చాక గోవిందయ్య నన్ను అడిగాడు. "నాగులమ్మా, ఈ పని తమ్ముడి కోసం పట్టుకోనుండావా, నీకే కావాల్నా?"

"నాకే కావల్ల" అన్నాను. పైకే అన్నాను.

వాళ్ళలో వాళ్ళు చాలాసేపు మాట్లాడుకున్నారు. చివరికి చెప్పిన మాట ఇది. "పార నీ చేతిలో బాగుండాది. మేము కాదనం. కాని మీ నాయన దాన్ని కొడుకు చేతికిచ్చినాడు, మేమంతా సూసినాం. వాడి మాట లేకుండా మార్చలేం. ఉగాది లోపల ఏకాంబరం ఒక మాట రాసి పంపితే నీది. వాడే వచ్చి పట్టుకుంటే వాడిది. రెండూ లేకుంటే మునస్వామికి." మునస్వామి తల వంచుకుని నేల వైపు చూస్తున్నాడు. బయటికి వెళ్ళేటప్పుడు నా దగ్గరికి వచ్చి, "నాకు కావాలనే ఉండాది మే, దాచుకునేదానికేముంది. అయితే నాకు ఊట తెలియదు" అన్నాడు. ఆ ఒక్క మాటకు వాణ్ణి క్షమించాను.

ఇక నీ ఇష్టం. నేను నిన్ను బతిమాలను. కావాలని ఒకసారి రాశాను, ఊరి ముందు ఒకసారి చెప్పాను, అంతకన్నా చెప్పలేను. నువ్వు రాకుండా, రాయకుండా ఉండిపోకు, అది మాత్రం అడుగుతున్నాను. నువ్వు వచ్చి పార పట్టుకుంటే ఊట ఉన్న చోట్లన్నీ చూపించి ఇంటికి వెళ్ళిపోతాను. అప్పుడూ నువ్వు నా తమ్ముడివే. కాని బాధ పడకుండా ఇస్తానని మాత్రం అబద్ధం రాయలేను.

నాగులమ్మ


హోస్పేట,
4-3-1947

అక్కకు,

నీ జాబు వచ్చేసరికే నా జాబు సగం రాసి ఉంది. ఇన్నాళ్ళు ఎందుకు ఆలస్యం అయిందంటే సిగ్గు. సిగ్గుకు కారణం చెబుతాను, నవ్వుకో.

పోయిన నెల మా క్యాంపులో పని వదిలే గంట పగిలిపోయింది. కొత్తది వచ్చేదాకా ఎవరి గుంపుకు వాళ్ళ మేస్త్రీయే వేళ చెప్పాలన్నారు. గడియారం ఇంజనీరు దగ్గర తప్ప ఎవరి దగ్గరా లేదు. నేను ఛాతీ విరుచుకుని లేచాను. "నేను నీరుగట్టి కొడుకును. మా ఊళ్ళో వేళ కట్టేది మేమే. నీడ పన్నెండు అడుగులు పడితే పని వదలండి" అన్నాను. రోజూ సాయంత్రం అందరి ముందూ నా నీడను నేనే కొలిచేవాణ్ణి. మూడో రోజుకు ఆడవాళ్ళు సణగడం మొదలుపెట్టారు. పక్క గుంపులు వెళ్ళిపోయినా మా వాళ్ళు ఇంకా తట్టలు మోస్తున్నారు. వారం రోజులు అలాగే అయింది. నాకు అర్థం కాలేదు. నీడ నాదే, కొలిచింది నేనే, లెక్క తప్పేదెక్కడ?

చివరికి అనంతపురం వైపు నుంచి వచ్చిన ఒక ముసలాయన దగ్గరికి వచ్చి మెల్లగా అన్నాడు. "మేస్త్రీ, నీడ నీదే. అడుగు మాత్రం బూటుది."

నలభై మందీ పగలబడి నవ్వారు. నేను బూట్లు వేసుకునే కొలుస్తున్నాను, అక్కా! వారం రోజులు వాళ్ళ చేత ఎక్కువ పని చేయించాను. విప్పి కొలిస్తే పన్నెండు అడుగులు ఎప్పుడో దాటిపోయింది. మరునాటి నుంచి ఒక వారం అందరినీ ముందుగా వదిలి, ఆ మిగిలిన మట్టి నేను మోశాను.

బూటు సంగతి బయటపడిన ఆ సాయంత్రమే కూర్చుని నిజం ఒప్పుకున్నాను. నాయన పార నా చేతిలో పెట్టాడు. నిజమే. కాని నడవడం, ఊట వెతకడం, నీడ కొలవడం నేర్పింది నీకు. పదేళ్ళు నేను ఆయన వెనక ఒక్క పొద్దు కూడా నడవలేదు, చలి అని దుప్పటి ముసుగు పెట్టుకున్నాను. ఇంట్లో కొడుకు ఉన్నాడు కనుక కొడుకు చేతికి ఇచ్చాడు. ఆయనకు నువ్వు కనబడలేదని కాదు, ఊరు ఒప్పుకుంటుందని ఆయన అనుకోలేదు. ఇప్పుడు ఊరు ఒప్పుకుంది. నేను అడ్డం నిలబడితే నాయన కంటే వెనకబడిపోతాను.

నేనెవరిని అని రాశాను కదా. దానికి జవాబు కూడా ఇక్కడే దొరికింది. నాకు కట్ట పని వచ్చింది. మట్టి ఎక్కడ గట్టిగా కూర్చుంటుందో, ఎక్కడ జారుతుందో చెయ్యి పెడితే తెలుస్తోంది. ఈ కట్ట ముగిస్తే ఇంకొక కట్ట. స్వరాజ్యం వస్తుందంటున్నారు. వస్తే ఇంకా చాలా కట్టలు కడతారట. ఏదో ఒక నాటికి మన ఏటికి కూడా ఒకటి రాకపోదు. ఈ పని నాకెవరూ చేతిలో పెట్టలేదు, నేనే సంపాదించుకున్నాను.

గోవిందయ్య నాయుడికి వేరే కాయితం ఈ కవరులోనే పెట్టాను. చించకుండా ఆయనకు ఇయ్యి. "పైడిరేవు ఊటకాలువ నీరుగట్టి పని మా అక్క నాగులమ్మది. నా బదులు కాదు, ఆమెదే. ఆమె తర్వాత ఎవరికి ఇవ్వాలో కూడా ఆమే చెబుతుంది" అని రాసి వేలిముద్ర కూడా వేశాను, సంతకం చాలదంటారేమో అని.

సెలవు దొరికింది. ఈ నెల పదహారున రేణిగుంటలో దిగుతాను. పదిహేను రోజులు ఉంటాను. పార పట్టడానికి కాదు, తట్ట మోయడానికి వస్తున్నాను. వేసవి పూడిక తీయాలి కదా, నీ దగ్గర మనుషులు చాలరని తెలుసు. మునస్వామి పక్కన నన్ను కూడా నిలబెట్టు. ఎక్కడ తవ్వాలో, ఎంత లోతు దిగాలో నువ్వు చెప్పు. సరిగ్గా చేయకపోతే అందరి ముందూ తిట్టు. పొద్దున మంచులో ఊట వెతకడానికి వెళ్ళేటప్పుడు నన్ను లేపు. దుప్పటి లాగి లేపు.

నువ్వు ముందు నడు. నీ వెనక నేను నడుస్తాను.

నీరుగట్టి నాగులమ్మ తమ్ముడు,
ఏకాంబరం